బకింగ్‌హాము కాలువ గట్టున కరువు వాడ

కోస్తా ఆంధ్రమున పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలిసి, ఒంగోలు, నెల్లూరు సీమల మీదుగా మద్రాసు నగరమును దాటి మరక్కాణము వరకు సముద్రతీరము వెంబడి సాగు బకింగ్‌హాము కాలువ ఒకనాడు గొప్ప వ్యాపార మార్గము. ధాన్యము, ఉప్పు, వంటచెరకు మోయు పడవలు దానిపై రాత్రింబవళ్లు నడచెడివి. మద్రాసు, బెజవాడల నడుమ రైలుమార్గము వచ్చిన పిదప ఆ వైభవము క్రమముగా తగ్గినది. 1875 నుండి 1880 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన బకింగ్‌హాము ప్రభువు పేరు మాత్రము కాలువకు నిలిచినది. మంటితట్టలు మోసినవారి పేర్లు తలచుకొనువారు లేరు.

1877లో ఆ కాలువలో ఒంగోలు సమీపమున మూడున్నర మైళ్ల భాగము త్రవ్వుటకై రాజుపాలెము వద్ద ఒక కూలివాడ వెలసినది. తాటాకు గుడిసెలతో, కరువు జనముతో నిండిన ఆ వాడ కొద్దికాలము మాత్రమే నిలిచినది. అందు నివసించినవారిలో అధిక సంఖ్యాకులు మాదిగలు, పని జరిపించినవాడు అమెరికా దేశపు బాప్టిస్టు మిషనరీ, పని ప్రభుత్వమువారిది. మరుసటి సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారు గంజికోసము మతము మార్చుకొనిరను మాట నాటినుండి వినబడుచునే యున్నది. ఆ మాటలో నిజమెంత, నింద యెంత అనునది తెలియవలెనన్నచో రాజుపాలెపు వాడ చరిత్రను, దానికి ముందు వెనుకలను పరిశీలింపవలసి యుండును.

ధాత, ఈశ్వర సంవత్సరముల కరువు

1876వ సంవత్సరమున దక్షిణ భారతమున వానలు తప్పినవి. అది తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరము. తరువాతి ఈశ్వర సంవత్సరమునను ప్రజలు తేరుకొనలేదు. నాడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. 1904లో అది క్రొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలో చేరెను. 1970లో ఒంగోలు జిల్లా వేరుగా ఏర్పడి, 1972లో ప్రకాశము జిల్లా యను పేరు పొందెను. మెట్టపంటలపై ఆధారపడిన ఆ సీమకు చెరువులే దిక్కు. చెరువులెండిన పిమ్మట ముందు పశువులు, తరువాత మనుష్యులు చావసాగిరి. 1878 వరకు సాగిన ఆ కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే యాబది లక్షలకు పైగా జనము మరణించిరని అంచనా. ఆకలికి తోడు కలరా, మశూచికములు వ్యాపించెను.

ప్రభుత్వమునకు కరువుపై సానుభూతికంటె ఖర్చుపై భయము ఎక్కువగా నుండెను. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు మద్రాసు రాజధానికి సర్ రిచర్డు టెంపులును కరువు ప్రతినిధిగా పంపెను. సహాయపు పనులలో చేరిన పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని టెంపులు నిర్ణయించెను. మన్ను త్రవ్వు మనిషికి ఈ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి గాని, అప్పటికే బలహీనులెందరో పనిస్థలములలో కూలిపోయిరి. ఈ అనుభవమును విచారించుటకే తరువాత కరువు కమీషను ఏర్పడెను. దాని సిఫారసులనుండి కరువు నిబంధనావళి పుట్టెను.

ఆకలి అందరికిని ఒకటే యైనను, అది అందరి వాకిట ఒకే దినమున అడుగిడలేదు. ఊరి వెలుపలనుండు మాదిగవాడకు అది మొదట వచ్చెను. మాదిగ చెప్పులు కుట్టవలెను. కపిలబానలు, మోకులు, పగ్గములు సిద్ధపరుపవలెను. జాతరలలో డప్పు కొట్టవలెను. చచ్చిన పశువును ఊరినుండి మోసికొనిపోవలెను. ఇందుకు ప్రతిఫలముగా పంటకాలమున కళ్లములో కొలిచి యిచ్చు మేర అతనికి జీవనాధారము. పంటయే లేనప్పుడు కళ్లము లేదు. కళ్లము లేనప్పుడు మేర లేదు. రైతు తన గాదె అడుగు ఊడ్చుకొను దినమునకు మాదిగ యింట పొయ్యి ఆరిపోయి వారములు గడచి యుండును. అమ్ముకొనుటకు భూమి లేదు, కుదువపెట్టుటకు నగ లేదు. కాలువ పనులకు మొదట నడచి వచ్చినవారిలో వీరు ఎక్కువగా నుండుటకు కారణమిదియే.

కరువునకు పూర్వము

ఆ మిషనరీ పేరు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించి, యౌవనమున మిన్నెసోటా ప్రాంతమున భూమి సర్వే పనిలో ఆరితేరి, పిమ్మట మతసేవకు పూనుకొనెను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుండి పని చేయుచున్నను ఫలితము అత్యల్పము. ఆ మిషనును మూసివేయుటను గూర్చి అమెరికాలో పలుమార్లు చర్చ జరిగెను. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ మాత్రము పట్టు విడువలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అతడును, భార్యయు, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై ప్రార్థన చేసిన కథ ఆ సీమలో ప్రసిద్ధము. ఆ కొండకు ప్రార్థన కొండ యను పేరు వచ్చినది. 1865లో జ్యూయెట్‌తో కలిసి వచ్చిన క్లౌ, 1866లో ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనమండుగురు.

ఎనమండుగురు వేలసంఖ్యకు పెరుగుటకు దొర ప్రసంగములే కారణమని తలచుట పొరపాటు. దారి చూపినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలునకు పడమటి పల్లెవాసి, మాదిగ, తోళ్ల వ్యాపారమునకై దూరప్రాంతములు తిరిగినవాడు. క్రైస్తవుడు కాకపూర్వమే అతడు గురువులనాశ్రయించి యోగసాధన చేసి, తనవారిలో తానును గురువుగా పేరు పొందెను. తోళ్లకై పోయి ఏలూరులో క్రైస్తవ బోధ విని, వెదకుచు వచ్చి, 1866లో ఒంగోలున జ్యూయెట్ చేత భార్యతో కూడ బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట బంధువుల యిండ్ల వెంబడి, తోళ్ల బేరము జరుగు త్రోవల వెంబడి అతని మాట వ్యాపించెను. మాదిగపల్లెలలో తత్త్వవిచారము ముందే కలదు. విగ్రహములకంటె వేరైన దైవమును వెదకు సంప్రదాయములు ఆ పల్లెలలో కలవు. పేరయ్య వంటివారు ఆ వెదకులాటకు క్రొత్త సమాధానము తెచ్చిరి.

క్లౌకు మొదటి పరీక్ష ఒంగోలు బడిలో ఎదురయ్యెను. ఊరి బ్రాహ్మణులును, ఇతర అగ్రవర్ణములవారును తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావలెనని దొరను ఆశ్రయించి యుండిరి. మాదిగలు చేరుట చూచి వారు, వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలు రారని తెలియజేసిరి. పై వర్ణములు ముందు వచ్చినచో క్రింది వర్ణములు వెంట వచ్చునను భావము నాడు అనేక మిషనులలో బలముగా నుండెను. క్లౌయు, ఆయన భార్యయు వేరువేరు గదులలో బైబిలు తెరచి చూడగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడినదట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భావముగల భాగమది. మాదిగలను విడువరాదని వారు నిశ్చయించుకొనిరి. అగ్రవర్ణ విద్యార్థులు బడి విడిచిపోయిరి.

క్రొత్తగా చేరువారికి క్లౌ మూడు నియమములను ముఖ్యముగా చెప్పెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడును వినుటకు తేలిక. పల్లెలో నడపుట కష్టము. ఆదివారము పనికి రానివానిపై రైతు కోపించెను. జాతరలో డప్పు కొట్టనివానిని ఊరు శిక్షించెను. మేర నిలుపుట, నీరు, దారి అడ్డగించుట, దెబ్బలు కొట్టుట అనేక గ్రామములలో జరిగెను. అయినను కరువునకు ముందే ఒంగోలు సంఘమున మూడువేలకు పైగా సభ్యులుండిరి. ఈ సంఖ్య గుర్తుంచుకొనదగినది.

రాజుపాలెపు వాడ

కరువు పెరిగి ప్రభుత్వము కాలువ పని ఆరంభింపగా, పల్లెలవారు పనిస్థలములకు పరుగెత్తిరి. అచటి పైవారిచేత తమవారు పడు దుర్భాషలు, దెబ్బలు క్లౌ విని, ఒక భాగమును తానే కంట్రాక్టుగా తీసికొనదలచెను. సర్వే పని తెలిసినవాడగుటచే మట్టి కొలతలు, మట్టములు ఆయనకు క్రొత్త కావు. ఆ విధముగా మూడున్నర మైళ్ల కాలువ ఒక మిషనరీ చేతికి వచ్చెను.

వాడ త్వరలో నిండెను. ఎండకు అడ్డముగా తాటాకు పందిళ్లు, గుడిసెలు లేచినవి. పనివారు ఇంచుమించు మూడువేలమంది. క్లౌ తన బోధకులలో ముప్పదిమంది వరకు మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరికి నూరేసిమంది పనివారిని అప్పగించెను. పురుషులు గునపములతో, పారలతో త్రవ్విరి. స్త్రీలును, పిల్లలును తట్టలు మోసిరి. అందరును కరువునకు చిక్కిన శరీరములవారు. కొందరు కొన్ని వారములు పనిచేసి, వచ్చిన కూలితో పల్లెకు పోగా, వారి స్థానమున మరికొందరు వచ్చుచుండిరి. అందువలన ఆ సీమలోని ఎన్నో గ్రామములవారు ఆ గట్టుపై కలిసికొనిరి.

ఆ వాడలో రెండు విశేషములు కలవు. మొదటిది, కూలికి మతము అడుగలేదు. మాదిగలతోపాటు ఇతర కులములవారును అచట పనిచేసిరి. త్రవ్విన మట్టికి డబ్బు ముట్టెను. రెండవది, మేస్త్రీ స్థానమున మాదిగ కూర్చుండెను. పుట్టినది మొదలు ఊరి పెద్దల ఎదుట చెప్పులు చేతబట్టుకొని నిలిచినవాడు, ఇచట నూరుమంది పనిని చూచుచు, లెక్క చెప్పుచు, తగవు తీర్చుచు నుండెను. అతడు పొరుగు పల్లెవాడు, పలువురికి బంధువు. దొర వంద ప్రసంగములు చేసినను రాని నమ్మకము ఈ దృశ్యము వలన కలిగి యుండును.

పని నడుమ విశ్రాంతి దొరకినప్పుడు మేస్త్రీలు తమ జట్టుల మధ్య కూర్చుండి బోధించిరి. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున అలసి, బరువు మోయువారిని పిలుచు వాక్యము వారికి ముఖ్యాధారము. తట్ట నెత్తిపై మోయువారికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. పల్లెలకు పోయిన కూలీలు కూలితో పాటు ఈ వాక్యమును కూడ తీసికొనిపోయిరి.

పదునైదు నెలల నిరాకరణ

కాలువ త్రవ్వుచున్న దినములలోనే అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ నిరాకరించెను. ఆకలిలో నున్నవాని కోరిక మనస్సు నుండి వచ్చినదో కడుపు నుండి వచ్చినదో తెలిసికొనుట ఎవరికిని సాధ్యము కాదని ఆయన యభిప్రాయము. 1877 మార్చి నుండి 1878 జూను వరకు, పదునైదు నెలలపాటు, ఒంగోలు సంఘము ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. సంఖ్యలను చూపి విరాళములు పొందవలసిన మిషనునకు ఇది తేలికైన నిర్ణయము కాదు.

1878 జూనులో సహాయ కార్యములు ముగింపునకు వచ్చెను. పంచుటకు మిషను వద్ద ధనము లేదని చెప్పుటకై క్లౌ తన బోధకులను పిలిచెను. ఒంగోలున మశూచికము వ్యాపించి యుండుటచే, పట్టణమునకు పది మైళ్ల ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున నున్న వెల్లంపల్లికి రమ్మని కబురు చేసెను. బోధకుల వెంట జనము తండోపతండములుగా వచ్చెను. సహాయము లేదని దొర చెప్పగా, మాకు సహాయము అక్కరలేదని వారు బదులు చెప్పిరి. బొబ్బలెక్కిన అరచేతులు చూపి, ఇంతవరకు పనిచేసి బ్రతికితిమి, ఇకముందును పనిచేయుదుము, పంట మరల పోయినచో చత్తుము, చచ్చినను క్రైస్తవులుగా చావగోరుచున్నామని ప్రార్థించిరి. ఇక నిరాకరించుటకు తనకు అధికారము లేదని క్లౌ భావించెను.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. రెండవ దినమున క్లౌ స్వయముగా ఎవరికిని బాప్తిస్మమీయలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఏటిలో నిలిచిరి. గట్టున పేర్లు చదువుచుండగా ఒక్కొక్కరు దిగిరి. ఊరిలో పేరు పెట్టి మర్యాదగా పిలిపించుకొనని మనిషి ఆనాడు వేలమంది ఎదుట తన పూర్తి పేరు వినెను. ఆ సంవత్సరాంతమునకు చేరినవారి సంఖ్య 9,606 అయ్యెను.

గంజి, మతము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. కరువే లేకున్నచో 1878లో ఇంతమంది ఒక్కసారి వచ్చియుందురా? రాకపోయెడివారని చెప్పక తప్పదు. కరువు పాతకట్టును సడలించెను. మేర ఆగిన దినమున ఊరికిని మాదిగవాడకును గల ఒడంబడికయు ఆగిపోయెను. ఆపదలో తమకు అండగా నిలిచినవారియెడల కృతజ్ఞతయు, దొర రక్షణపై ఆశయు వారిలో కలిసియే యుండును. ఒక్క దినమున 2,222 మందిని విడివిడిగా పరీక్షించుట ఎట్లు సాధ్యమని మిషను వర్గములలోనే సందేహించినవారు కలరు. ఆ సందేహము అసమంజసము కాదు.

అయితే రెండవ ప్రక్క లెక్కయు కలదు. కరువునకు ముందే మూడువేలమంది నిందలు, దెబ్బలు భరించి చేరియుండిరి. కాలువ గట్టున ముట్టినది కష్టమునకు కూలియే గాని మతమునకు వెల కాదు. చేర్చుకొనుమని అడిగిన కాలమున చేర్చుకొనలేదు. చేర్చుకొన్న కాలమున పంచుటకేమియు లేదు. చేరినవారు ఒంటరిగా రాలేదు. కుటుంబములుగా, పల్లెలుగా, తమ పెద్దలతో ఆలోచించుకొని వచ్చిరి. కులపంచాయతిలో వివాహములు, తగవులు నిర్ణయించుకొనుటకు అలవాటుపడినవారు ఈ విషయమును కూడ అట్లే నిర్ణయించుకొనిరి. ఆకలి కారణము కాదనుట అసత్యము. ఆకలి యొక్కటే కారణమనుట అన్యాయము. తమ బ్రతుకును గూర్చి ఆలోచించుకొను శక్తి మాదిగపల్లెకు లేదను భావము ఆ రెండవ మాటలో దాగియున్నది.

ఫలితములు మిశ్రమములు. బడులు పెరిగెను. సంఘమునకు కావలసిన ఉపాధ్యాయులు, బోధకులు అనేకులు ఆ పల్లెలనుండియే వచ్చిరి. వారికి శిక్షణ యిచ్చుటకు రామాపట్టణమున వేదాంత పాఠశాల నడచెను. అక్షరము ముట్టరాదనబడిన యిండ్లలో పుస్తకము చేరెను. క్లౌ 1910లో మరణించెను. మరణానంతరము 1914లో ఆయన ఆత్మకథ ప్రకటితమయ్యెను. భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోనే మాదిగ గురువుల, తొలి క్రైస్తవుల కథలను ఆంగ్లమున గ్రంథస్థము చేసెను. పేరయ్య వంటివారి చరిత్ర నేటికి దక్కినదన్నచో ఆమె శ్రద్ధ ఒక ముఖ్యకారణము. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశము ఏర్పడి, దొరల చేతినుండి నిర్వహణ తెలుగువారి చేతికి వచ్చెను.

కాని మతము మారినంతమాత్రమున ఊరి చూపు మారలేదు. వాడ ఊరికి వెలుపలనే యుండెను. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువ జీవితాంతము అంటరానితనపు గాయమునే పాడవలసి వచ్చెననగా ఆ మార్పు పరిమితి తెలియగలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులములను హిందూ మతమునకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేసిరి గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఊరు కులమును చూచుచుండగా, ఉత్తరువు మతమును చూచినది. గుండ్లకమ్మలో దిగినవారి మనుమలు, మునిమనుమలు ఈ రెండింటి నడుమ నిలిచిరి.

నేడు ఒంగోలు వెళ్లువారికి ప్రార్థన కొండను చూపువారుందురు. క్లౌ పేరు చెప్పువారుందురు. రాజుపాలెపు గుడిసెలలో ఒక్క తాటాకును మిగులలేదు. అచటి జనము త్రవ్విన కాలువ మాత్రము మిగిలినది. దానిని చూచునపుడు గవర్నరు పేరుతో పాటు, పౌను ధాన్యమునకు పని చేయుచు తమ దైవమెవరో తామే నిర్ణయించుకొన్న ఆ జనమును కూడ తలచుకొనుట తెలుగువారి చరిత్రకు న్యాయము చేయుట యగును.